కాళ్లు కడిగిన తండ్రి

మా గిర్మాజీపేట గల్లీలో శకుంతలక్క గురించి ఒక మాట తిరుగుతూ ఉంటుంది. పిల్లలు లేని వీరమల్లయ్య ఇంటి మీద కన్నేసి ఆమె ఆయనను తండ్రిగా చేసుకుందట. ఇల్లు రాసివ్వనని ముసలాయన అన్నాడట. ఆ కోపంతో, ఆయన తన తండ్రే కాదని సుబేదారిలోని సర్కారు కచేరీలో కాగితం పుట్టించిందట. ఆ కాగితంతోనే ఈ దేశపు పాస్‌పోర్టు సంపాదించి, తీరా అది చేతికి వచ్చాక కన్నతల్లిని చూడడానికైనా రంగూన్ పోలేదట.

"కన్నదాన్ని ఇడిచె, కన్యాదానం చేసినోన్ని ఇడిచె. గుండెనా అది, తిరగలి రాయా?" అని బోరింగు దగ్గర సోమక్క అంటుంది. సోమక్క అన్నదంటే సాయంత్రానికి అది నాలుగు గల్లీలు దాటుతుంది.

ఆమె ఆ మాట అన్నప్పుడల్లా నేను బిందె నిండేదాకా తల వంచుకుని నిలబడి, నిండగానే ఎత్తుకుని వచ్చేస్తాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించిన నాటి నుంచి శకుంతలక్క కుట్టుమిషన్ పక్కన కూర్చుని జాకెట్లకు కాజాలు కుట్టాను. ఆ ఇంట్లోకి ఎవరు వచ్చారో, ఏమన్నారో చాలావరకు నా చెవినపడే ఉంది. అది రాస్తాను.

శకుంతలక్క భర్త రామలింగం కిరాణా దుకాణం మా ఇంటికి ఎదురుగానే. ఆయన పద్దెనిమిదేళ్ల వయసులో పప్పుల వ్యాపారం చేసే ఒక సేటు వెంట గుమాస్తాగా రంగూన్ పోయాడు. అక్కడ బియ్యం గోదాముల వెనుక వీధిలో పొట్లకాయ ముక్కలు పిండిలో ముంచి నూనెలో వేయించి అమ్మే ఒకామె ఉండేది. ఆమె పేరు మ్యా. ఆమె కూతురే శకుంతలక్క. అప్పటి పేరు ఖిన్. తండ్రి ఊ ఫో తిన్ పడవ నడిపేవాడు. ఆమె చిన్నతనంలోనే పోయాడు. రామలింగానికీ ఖిన్‌కూ పెళ్లి అక్కడి పద్ధతిలోనే అయింది. పెద్దలు నలుగురు వచ్చి, ఊరబెట్టిన తేయాకు తిని, పిల్లనూ పిల్లవాణ్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టారు. అంతే.

తర్వాత ఆ దేశంలో దుకాణాలన్నీ సర్కారు తీసుకుంది. మనవాళ్లు ఓడలెక్కి వచ్చేశారు. మొగుడి వెంట వస్తానన్న ఖిన్ దగ్గర ఓడరేవులో ఆమె పాత కాగితాలు తీసేసుకుని, మళ్లీ రానని సంతకం పెట్టించుకుని, పోవడానికి మాత్రమే పనికివచ్చే ఒక కాగితం ఇచ్చారు. అప్పుడు తల్లితో, "రెండేళ్లలో వస్తాను" అని చెప్పిందట. రాకూడదని సంతకం పెట్టిన చేత్తోనే తల్లి చెయ్యి పట్టుకుని చెప్పిందట.

వరంగల్లు వచ్చాక రామలింగం తల్లి కట్టమ్మ గడప దగ్గరే ఆపింది.

"చాప మీద కూసుంటె లగ్గమైతదారా? తేయాకు తింటె లగ్గమైతదా? రేపు నా ఇంట్ల పేరంటానికి ఎవలన్న వస్తరా?" అని నిలదీసింది. కట్టమ్మ మాట కటువు, గుండె కాదు. కోడలిని పంపెయ్యమనలేదు. మంచి ముహూర్తం చూసి మళ్లీ పెళ్లి చేస్తానంది. అయితే పెళ్లికి పిల్ల తరఫున ఒక తండ్రి, ఒక గోత్రం కావాలి. కట్టమ్మ తమ్ముడు వీరమల్లయ్య మిర్చి మార్కెట్లో కాంటా పెట్టి బస్తాలు తూచేవాడు. ఆయనకూ భార్య యాకమ్మకూ పిల్లలు లేరు. మేనమామ కూతురు వరస కుదురుతుంది కాబట్టి వాళ్లిద్దరినీ పీటల మీద కూర్చోమంది. యాకమ్మ నీళ్లు పోస్తుంటే వీరమల్లయ్య ఇత్తడి తాంబాళంలో రామలింగం కాళ్లు కడిగి, ఖిన్‌ను శకుంతల అనే పేరుతో కన్యాదానం చేశాడు. ఆయన అప్పుడు ఏడ్చిన ఏడుపు చూసి, నిజంగానే కన్నబిడ్డేమోనని బ్యాండు మేళం వాళ్లు అనుకున్నారని మా అమ్మ చెప్పేది.

వీరమల్లయ్యకు అది నటన కాదు. కన్యాదానం చేస్తే దక్కే పుణ్యం తనకు రాసిపెట్టి లేదనుకున్న మనిషికి అది దక్కింది. అప్పటి నుంచి ఏ పండగకూ బిడ్డను మరిచింది లేదు. మూడో ఏట, అయిదో ఏట పుట్టింటివాళ్లు పోసినట్టే ఒడిబియ్యం పోశాడు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, వక్కలు, చీర తలమీద పెట్టుకుని గల్లీలో అందరూ చూసేలా నడిచి వచ్చేవాడు. మార్కెట్ నుంచి నేరుగా వస్తే ఒంటినిండా మిరప ఘాటు. ఆయన గడప తొక్కకముందే లోపల మేం తుమ్మేవాళ్లం.

"బాపు వచ్చిండు" అని శకుంతలక్క నవ్వుతూ లేచేది. ఆమె తెలుగు సగం రంగూన్ రేవులోని కోస్తా కూలీల దగ్గర నేర్చింది, సగం అత్త దగ్గర నేర్చింది. ఒకే మాటలో "ఏందండీ" అనేది. గల్లీ ఆడవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు.

యాకమ్మ పోయేముందు శకుంతలక్క చెయ్యి పట్టుకుని, "నాకు బిడ్డ లేదనే మాట ఇగ ఎవ్వలనరు" అందట. వీరమల్లయ్య ఆ మాటను మా అందరికీ ఎన్నిసార్లు చెప్పాడో.

ఇదంతా ఇంటి సంగతి. కచేరీలో మాత్రం ఆమె పరాయి దేశస్థురాలే. ఏటా ఒకసారి సుబేదారిలోని పోలీసు ఆఫీసుకు పోయి, ఇంకో ఏడాది ఉండడానికి అనుమతి రాయించుకుని రావాలి. ఆమె సంతకం వాళ్ల లిపిలో పెట్టేది. గుండ్రటి అక్షరాలు, మన అక్షరాలకు దూరపు చుట్టాల్లా ఉండేవి. పోలీసు ఆఫీసుకు పోయి వచ్చిన రోజున గల్లీలో ఎవరో ఒకరు, "ఏం కేసున్నదో ఏమో" అని గొణిగేవారు.

కాజీపేట రైల్వే క్యాంటీన్లో వంట చేసే ఒకాయన కూడా రంగూన్ నుంచి వచ్చినవాడే. ఆయన తమ్ముడు ఇంకా అక్కడే ఉండడంతో అప్పుడప్పుడు కబుర్లు తెచ్చేవాడు. 1974లో, నేను కాజాలు కుట్టడం మొదలుపెట్టిన ఏడు, ఆయన వచ్చి శకుంతలక్క తల్లికి చూపు తగ్గుతోందని చెప్పాడు. పొట్లకాయ ముక్కలు రంగు చూసి కాక, నూనె చప్పుడు విని తీస్తోందట. "మొత్తం చీకటి కాకముందు వస్తుందా అని అడుగుతాందమ్మా" అన్నాడు.

ఆ వారమే రామలింగం, కట్టమ్మ, శకుంతలక్క హనుమకొండలో రాజేశ్వర్ రావు వకీలు దగ్గరికి పోయారు. కట్టమ్మకు మోకాళ్ల నొప్పులని ఆమె చేతికి ఆసరాగా నన్నూ తీసుకుపోయారు.

కట్టమ్మ ముందుగానే మొదలుపెట్టింది. "వకీలు సాబ్, లగ్గమైనంక ఆడిదాని ఇంటిపేరు మారె, గోత్రం మారె. మరి దేశమెందుకు మారది?"

వకీలు నవ్వాడు. "గోత్రం లగ్గం చేసే అయ్యగారు మారుస్తడు పెద్దమ్మా. దేశం మార్చాలంటె అర్జీ పెట్టుకోవాలె. లగ్గం కాంగనే అదంతట అదే మారిపోదు."

"మావోడు ఈడ పుట్టినోడే గదా?"

"అందుకే ఆయన భార్యకు అర్జీ పెట్టే హక్కొచ్చింది. హక్కు రావుడు వేరు, అయిపోవుడు వేరు."

"ఎన్నొద్దులైతది సార్?" అని రామలింగం అడిగాడు.

"కలెక్టర్ కాడ ఇయ్యాలె. ఆడికెల్లి హైదరాబాదు పోతది. నడుమ పోలీసోళ్లు ఇంటికొచ్చి విచారణ చేస్తరు. లగ్గమెప్పుడైంది, ఎక్కడ పుట్టింది, నడవడి ఎట్లున్నది, అన్ని అడుగుతరు. అందరి మాట ఒక్కతీరుండాలె. ఒక్కరు అటు, ఒక్కరు ఇటు చెప్పిండ్లనుకో, కాగితం ఆడనే పండుకుంటది."

అప్పటిదాకా గోడవైపు చూస్తున్న శకుంతలక్క మెల్లగా అడిగింది. "ఈలోపల ఒకసారి పోయి రావచ్చాండీ?"

"ఏ కాగితం మీద పోతవమ్మా? ఆ దేశం కాగితం వచ్చేటప్పుడే తీసుకున్నరు. ఈ దేశం కాగితం ఇంకా రాలేదు. ఇది వస్తె పాస్‌పోర్టు తీసుకోవచ్చు. అప్పుడు పోయినా మళ్ల మన దేశానికి రానిస్తరు. కాకపోతె ఆ సర్కారు బయటోళ్లను ఏడు రోజులే ఉండనిస్తాందట."

"ఏడు రోజులు చాలండి" అంది శకుంతలక్క.

తిరుగు రిక్షాలో ఆమె వేళ్లు మడుచుకుంటూ కూర్చుంది. మొదటి రోజు తల్లి జుట్టుకు నూనె రాస్తుందట. రెండో రోజు తండ్రి పడవ ఆగిన రేవుకు పోతుందట. కట్టమ్మ విసుక్కుంది. "ఆ రేవుకెందుకే, మీ అమ్మ కాన్నే కూసో ఏడొద్దులు."

ఆ రోజు వకీలును ఎన్నో అడిగారు. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలింది. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

అర్జీ ఇంట్లోనే నింపారు. రామలింగం రాస్తున్నాడు. తండ్రి పేరు అన్న చోటికి వచ్చి కలం ఆపాడు. కట్టమ్మ లోపలి నుంచే అంది, "ఆపుతానవేందిరా? వీరమల్లయ్య అని రాయి. కాళ్లు కడిగినోడు తండ్రి గాక ఎవడైతడు?"

"అమ్మా, వచ్చిన కొత్తల పోలీసు ఆఫీసుల వేరే పేరు చెప్పిన..."

"అది లగ్గం గాకముందటి సంగతి. ఇప్పుడు ఆ పేరు రాస్తె గోత్రం లేని పిల్లని దఫ్తర్ల ఎక్కుతది. పది మంది చదువుతరు."

రామలింగం శకుంతలక్క వైపు చూశాడు. ఆమె కూడా, "బాపు పేరే రాయండి" అంది. మా వైపు ఎవరిని అడిగినా అదే చెప్పేవారు. మా అమ్మను అడిగినా, ఇప్పుడు బోరింగు దగ్గర తిట్టే సోమక్కను అడిగినా అదే. పీటల మీద కూర్చుని కాళ్లు కడిగినవాడే తండ్రి. కన్నవాళ్లు లేని పిల్లకు బాబాయో, మేనమామో కన్యాదానం చేస్తే పత్రికల్లో వాళ్ల పేరే వేస్తాం. అందులో అబద్ధం ఉందని ఎవరికీ అనిపించదు. రామలింగం రాశాడు. కింద శకుంతలక్క తన గుండ్రటి సంతకం పెట్టింది.

విచారణకు మరుసటి ఏడు ఒక హెడ్డు కానిస్టేబులు వచ్చాడు. అది మిర్చి వచ్చే కాలం. వీరమల్లయ్యను కబురు పెట్టి పిలిపిస్తే కాంటా దగ్గర నుంచి అలాగే వచ్చాడు. హెడ్డు రెండుసార్లు తుమ్మి, ముక్కు తుడుచుకుని అడిగాడు.

"శకుంతల నీకేమైతది?"

"నా బిడ్డ."

"సొంత బిడ్డేనా?"

"సొంతం గాక కిరాయికి తెచ్చుకుంటరా, హెడ్డు సాబ్? కాళ్లు కడిగి కన్యాదానం చేసిన. ఒడిబియ్యం పోస్తాన. గీ గల్లీల ఎవలనన్న అడుగు."

"ఏడ పుట్టింది?"

"రంగూన్ల."

"నువ్వు రంగూన్ పోయినవా?"

"నేనా? కాజీపేట దాటి పోలే."

హెడ్డు కలం ఆపి, మళ్లీ తుమ్మి, పగలబడి నవ్వాడు. "కాజీపేట దాటనోనికి రంగూన్ల బిడ్డ పుట్టిందా? మంచిగున్నది ముచ్చట!" గుమిగూడిన వాళ్లందరూ నవ్వారు. వీరమల్లయ్య కూడా నవ్వాడు. తన బిడ్డ గురించి సర్కారు మనిషి ఇంటికి వచ్చి అడిగాడన్న సంబరం ఆయన మొహంలో. శకుంతలక్క ఇచ్చిన చాయ్ తాగుతూ, "అందరి మాట ఒక్కతీరుండాలన్నరు గదా బిడ్డా. నా మాట ఎక్కడ తప్పలే" అన్నాడు.

తప్పలేదు. అదే చిక్కయింది.

1976లో జవాబు వచ్చింది. పోలీసు ఆఫీసు రికార్డులో ఒక తండ్రి పేరు, అర్జీలో మరొక పేరు ఉన్నాయని, సాక్షి మాటకు పొంతన లేదని, అందువల్ల మంజూరు చెయ్యలేమని ఉంది. సరైన వివరాలతో మళ్లీ పెట్టుకోవచ్చని చివర ఉంది. వకీలు అది చదివి తల పట్టుకున్నాడు.

"ఒక్కసారి నన్ను అడిగితె అయిపోతుండె గదనయ్యా! సర్కారు అడిగేది కన్నతండ్రిని. లగ్గంల కూసున్నాయన్ను కాదు." కాసేపటికి చల్లబడి మళ్లీ అన్నాడు. "ఇప్పుడైనా దారి ఉన్నది. వీరమల్లయ్య మెజిస్ట్రేట్ ముంగట ప్రమాణం చెయ్యాలె. నేను ఈమెను కన్నతండ్రిని కాను, లగ్గంల పీటల మీద కూసున్న, అంతే అని. అది పెట్టి కొత్త అర్జీ ఇద్దాం."

"అది వద్దండి" అంది శకుంతలక్క.

బయటికి వచ్చాక రామలింగం బతిమాలాడు. "ఒక్క మాటనే గదా. నేను చెప్త మామకు. ఆయన కాదనడు."

"కాదనడు. అందుకే చెప్పొద్దు."

"మరి మీ అమ్మ?"

ఆమె రిక్షా ఎక్కి కూర్చుంది. రిక్షా హనుమకొండ చౌరస్తా దాటాక అంది. "యాకమ్మ పోయింది కదండీ. ఇంట్లో బాపు ఒక్కడే అన్నం వండుకుంటున్నాడు. బిడ్డ ఉన్నదని చెప్పుకోవడం తప్ప ఆయనకేముందండీ? ఆ నోటితో బిడ్డ కాదని ఎట్లా చెప్పిస్తా? ఇంకేదన్నా దారి చూద్దాం."

ఇంకేదన్నా దారి వకీలుకూ దొరకలేదు. అర్జీ ఎందుకు తిరిగి వచ్చిందో వీరమల్లయ్యకు చెప్పొద్దని శకుంతలక్క ఇంట్లో అందరి చేతా ఒట్టు పెట్టించుకుంది. కట్టమ్మ సైతం ఆ ఒట్టు తప్పలేదు. ఎప్పుడైనా ముసలాయన, "సర్కారు పని ఎంత మెల్లగ నడుస్తదో సూడు బిడ్డా. హెడ్డుకు నేను మంచిగ చెప్పిన గదా" అంటే, శకుంతలక్క మిషన్ చక్రం కొంచెం గట్టిగా తిప్పేది. ఆ చప్పుడులో ఆయన మాట సగం కొట్టుకుపోయేది.

నేను అప్పుడు పదిహేనేళ్ల పిల్లను. ఆమె చేస్తున్నది చాలా గొప్ప పని అనుకున్నాను. ఇప్పుడలా అనుకోలేను. కాజీపేట ఆయన వచ్చిన ప్రతిసారీ ఆమె, "చూపు ఎట్లా ఉందట?" అని అడిగేది. ఒకసారి, ఇంకా వెలుతురు తెలుస్తోందన్నాడు. ఇంకోసారి, మనుషుల్ని గొంతును బట్టి పోల్చుకుంటోందన్నాడు. ఆమె గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తూ వినేది. ఒకనాడు జాకెట్ చేతులు రెండూ ఒకే వైపువి కత్తిరించింది. అంత పనిమంతురాలు ఆ తప్పు చెయ్యడం అదొక్కసారే చూశాను.

1979 వానాకాలంలో మిషన్ ఒక వారం ఆగింది. ఒంట్లో బాగాలేదని, నన్ను రావద్దంది. మళ్లీ పోయినప్పుడు మనిషి చిక్కిపోయి ఉంది. జ్వరమనుకున్నాను. ఆ తర్వాత ఆమె నోట ఏడు రోజుల సంగతి వినలేదు. విసిగిపోయిందనుకున్నాను.

మరుసటి ఫిబ్రవరిలో రాజేశ్వర్ రావు వకీలు ఏడాదికి సరిపడా మిరపకాయలు కొనడానికి మార్కెట్‌కు పోయాడు. కాంటా దగ్గర వీరమల్లయ్య కనిపించాడు. ఆయనకు ఏమీ తెలియదన్న సంగతి వకీలుకు తెలియదు. "ఏమయ్యా, నువ్వొక్కసారి వచ్చి చెయ్యెత్తి చెప్తే ఆ పిల్ల పని అయిపోతుండె గదా. నాలుగేండ్ల సంది నీ మాట కాన్నే ఆగింది" అన్నాడట. వీరమల్లయ్య తూకం వేసి, గోనె కుట్టి, వకీలు రిక్షాలో ఎత్తి పెట్టి, ఎప్పుడు రమ్మంటారని మాత్రం అడిగాడట.

రెండు రోజుల తర్వాత సాయంత్రం ఆయన వచ్చాడు. ఉతికిన ధోవతి, పెళ్లిళ్లకు తొడిగే కోటు. ఆయన వచ్చినా మేం తుమ్మకపోవడం అదే మొదటిసారి. గడప మీద కూర్చున్నాడు.

"బిడ్డా, నా పేరు కొట్టేపిచ్చిన."

శకుంతలక్క మిషన్ ఆపింది. "ఏ పేరు బాపూ?"

"గదే, తండ్రి పేరు. కన్నతండ్రిని కానని చెయ్యెత్తి చెప్పిన. మెజిస్ట్రేట్ మంచోడే, నీళ్లు తాగుమన్నడు."

"మీకు ఎవరు చెప్పారు?"

"మిరపకాయలు చెప్పినయ్" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "నాకు చెప్పొద్దా? కాజీపేట దాటలేదని నవ్వుకుంట చెప్పిన. ఆ నవ్వుకు నీ దారి మూసుకపోయిందని నాకెట్ల తెలుస్తది? నా కోసం నువ్వు ఆగితె, ఆడ కండ్లు లేని మీ అమ్మ ఎవల కోసం ఆగాలె?"

చక్రం మీద శకుంతలక్క చెయ్యి అలాగే ఉంది.

"కన్యాదానం చేసి కాదంటె పుణ్యం పోతదన్నడు అయ్యగారు. పోతె పోనీ. అది నాది, ఇడిస్తె నేనే ఇడవాలె. నువ్వు పో. మీ అమ్మ కాడ ఏడొద్దులుండి రా. వచ్చి ఆమె ఎట్లున్నదో నాకు చెప్పు."

శకుంతలక్క, "సరే బాపూ" అంది. లేచి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. పొయ్యి వెలిగిన చప్పుడు మాత్రం రాలేదు.

కొత్త అర్జీ పెట్టారు. ఈసారి అన్నీ ఒక్కతీరుగా కుదిరాయి. 1981లో కచేరీకి పిలిచారు. ఈ దేశానికి కట్టుబడి ఉంటానని చదవాల్సిన నాలుగు వాక్యాలను నేనే ఆమెతో వారం రోజులు వల్లె వేయించాను. తడబడకుండా చదివింది. ధ్రువపత్రం తెచ్చాక వీరమల్లయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని నా ముందు పెట్టాడు.

"ఇందుల తండ్రి పేరేదమ్మా? చదువు."

"ఊ ఫో తిన్."

"మల్లొకసారి చదువు." చదివాను. "మంచి పేరే" అన్నాడు.

ప్రమాణం చేసిన నాడు ఆయన కచేరీ మెట్లు దిగడం చూసినవాళ్లు ఎవరో ఉన్నారు. ఆయన చేసిన ప్రమాణం గల్లీకి వచ్చేసరికి శకుంతలక్క చేసిన ప్రమాణమైంది. దాని పక్కన ఇల్లు రాసివ్వలేదన్న కోపం కూడా వచ్చి చేరింది.

ఆ ఏడు ఒడిబియ్యం పోయాల్సిన ఏడు. వీరమల్లయ్య రాలేదు. శకుంతలక్క ఎదురుచూసి, ఎదురుచూసి, నన్ను తోడు తీసుకుని ఆయన ఇంటికి పోయింది. ఆయన బయటి అరుగు మీద ఉన్నాడు.

"సర్కారు ముంగట కాదన్న గద బిడ్డా. ఇప్పుడు ఏ మొహంతోని పోస్త?"

ఆమె లోపలికి పోయి పీట వాల్చుకుని తూర్పు ముఖంగా కూర్చుని కొంగు పట్టింది. ఆయన బియ్యం డబ్బా తెచ్చాడు. పసుపు ఎక్కడుందో ఆయనకు తెలియలేదు. నేను వెతికి ఇచ్చాను. దోసిలిలోంచి సగం బియ్యం కింద పడ్డాయి. ఆమె ఒక్కొక్క గింజా ఏరి కొంగులో వేసుకుంది. మేం మూట కట్టుకుని బయటికి వస్తుంటే ఎదురింటామె కిటికీ రెక్క మూసింది. మర్నాడు బోరింగు దగ్గర, "ఇల్లు అడగనీకి పోయింది" అన్నారు.

పాస్‌పోర్టు కూడా వచ్చింది. వీరమల్లయ్య వచ్చినప్పుడల్లా అడిగేవాడు.

"ఎప్పుడు పోతవ్ బిడ్డా?"

"వానలు తగ్గాక, బాపూ."

వానలు తగ్గాక, "ఎండలు పోనివ్వండి" అనేది. ఆయన గొణుక్కునేవాడు. "నన్ను జూసి భయపడకు. పుణ్యం సంగతి ఫికర్ చెయ్యకు." రామలింగం ఆ సమయాల్లో దుకాణంలోకి పోయి ఖాళీ డబ్బాలు సర్దేవాడు. నాకు కూడా కోపం వచ్చింది. ఇంత చేసి పోదెందుకు? చివరికి సోమక్క మాటే నిజమా అని ఒకరోజు అనుకున్నాను కూడా.

1983 చలికాలంలో వీరమల్లయ్య పోయాడు. ఇల్లు ఆయన తమ్ముని కొడుక్కు పోయింది. శకుంతలక్క దాని ఊసే ఎత్తలేదు. పెళ్లయిన బిడ్డ పట్టవలసిన మూడు రోజుల మైల పట్టి, మూడో రోజు తలస్నానం చేసి, తడి జుట్టుతోనే మిషన్ ముందు కూర్చుంది. దారం ఎక్కిస్తూ అంది.

"అడిగితే ఆయన మనసు విరుగుతుందని అడగలేదు. అడగలేదని తెలిసి ఇంకా విరిగింది. డెబ్బై ఆరులోనే అడిగి ఉంటే అమ్మకూ బాపుకూ ఇద్దరికీ సరిపోయేది."

ఇప్పుడైనా పోవచ్చు కదా అన్నాను. అప్పుడు చెప్పింది. అది కాజీపేట ఆయనకు, రామలింగానికి తప్ప ఎవరికీ తెలియదు. వీరమల్లయ్యకు తెలియనివ్వలేదు. పుణ్యం వదులుకుని వచ్చి గడప మీద కూర్చున్న మనిషితో ఆ మాట అనలేకపోయింది. ఆయన ఉన్నంతకాలం నెపం వానల మీద, ఎండల మీద వేసి, గల్లీ ఏమన్నా పడింది.

ఆమె తల్లి మ్యా 1979 ఆగస్టులో రంగూన్‌లో చనిపోయింది. వీరమల్లయ్య కచేరీకి పోయి చెయ్యెత్తింది ఆ తర్వాత వచ్చిన ఫిబ్రవరిలో.